అయిదు పౌన్ల కథ

పోయిన వారం మా ఇంట్లో ఒక చిన్న తుపాను రేగి చల్లారింది. కారకుణ్ణి నేనే. మా ఆవిడ పేరు మీద ఉన్న బీమా పాలసీకి రెండు వాయిదాల ప్రీమియం కట్టడం మరిచిపోయాను. మరిచిపోయానంటే పూర్తిగా నిజం కాదు. మొదటి వాయిదా నాటికి మా అబ్బాయి కాలేజీ ఫీజు అడ్డొచ్చింది. రెండోదాని నాటికి బంధువుల ఇంట పెళ్ళి చదివింపులు. "వచ్చే నెల చూద్దాంలే" అనుకున్నాను. ఆ వచ్చే నెల వచ్చింది, వెళ్ళింది. చివరికి పాలసీ ఆగిపోయిందని ఉత్తరం వచ్చింది. అదీ మా ఆవిడ చేతికి.

"ఇన్నేళ్ళు కట్టి, కట్టి, చివరికి ఇంత చిన్న మొత్తం దగ్గర చతికిలపడ్డారా?" అంది.

సంసారంలో కాస్త ఆరితేరినవాణ్ణి గనక వెంటనే జవాబు చెప్పలేదు. సాయంకాలం కాఫీ వేళకు వాతావరణం చల్లబడ్డాక, "ఇంతకంటే చిన్న మొత్తం కట్టక ఇంతకంటే పెద్దది పోగొట్టుకున్న మహానుభావుడు ఒకడున్నాడు సుమా!" అన్నాను.

"ఎవరాయన?"

"ఫ్రాంక్ విటిల్ అని ఇంగ్లండులో ఒక వైమానిక దళం ఆఫీసరు. అయిదు పౌన్లు కట్టక జెట్ ఇంజను మీద హక్కు వదులుకున్నాడు."

మా ఆవిడ నమ్మలేదు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథలల్లుతున్నాననుకుంది కాబోలు. మావాడు మాత్రం చేతిలోని సెల్ ఫోను కింద పెట్టాడు. అది మా ఇంట్లో అరుదుగా జరిగే సంఘటన. అంచేత ఈ వారం మీకు కూడా ఆ కథే చెప్పదలిచాను.

విటిల్ 1907లో కోవెంట్రీలో పుట్టాడు. తండ్రిది యంత్రాల పని. చిన్న వర్కుషాపు ఉండేది. పిల్లవాడు లేతు మిషను పక్కనే పెరిగాడు. పదిహేనో ఏట వైమానిక దళంలో అప్రెంటిసుగా చేరబోతే, అయిదడుగులే ఉన్నావు, పొమ్మన్నారు. ఇంటికి వెళ్ళి, కసరత్తులు చేసి, మూడంగుళాలు పెరిగి మళ్ళీ వెళ్ళాడు. ఒకసారి కాదన్నవాణ్ణి మళ్ళీ చూడడం మా పద్ధతి కాదన్నారు. అయినా వదలక, కొత్త అభ్యర్థిలాగా మరోసారి దరఖాస్తు పెట్టి 1923లో చేరిపోయాడు. మొదటిసారి తోసేసిన ఆఫీసు గుమ్మంలోంచే మూడోసారి లోపలికి వెళ్ళడం ఎలాగో ఆ కుర్రవాడికి అప్పుడే పట్టుబడిందన్నమాట. ముందుముందు ఆ విద్య అతనికి చాలా అవసరమైంది.

అప్రెంటిసుల్లోంచి ఏరి అతన్ని క్రాన్‌వెల్ వైమానిక కళాశాలకు పంపారు. అక్కడ 1928లో రాసిన వ్యాసంలో ఒక ప్రశ్న వేసుకున్నాడు. గంటకు 500 మైళ్ళ వేగంతో విమానం పోవాలంటే ఏం చెయ్యాలి? గాలి పలచగా ఉండే ఎత్తులకు పోవాలి. అక్కడ విమానానికి గాలి అడ్డు తక్కువ. కాని ఆ పలచని గాలిలో పిస్టన్ ఇంజనుకు ఊపిరి ఆడదు, ముందు తిరిగే ప్రొపెల్లరుకు పట్టు చిక్కదు. అంటే ఇంజనే మారాలి. ఆ మారిన ఇంజను ఎలా ఉండాలన్నది మరుసటి ఏడు తట్టింది. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు.

ఇక్కడ కాస్త ఆగి ఆ ఇంజను సంగతి చెప్పుకుందాం. భయపడకండి, ఇందులో లెక్కలేమీ లేవు. కమ్మరి కొలిమి చూశారు గదా? తిత్తి గాలి ఊదుతుంది, కొలిమిలో నిప్పు రాజుకుంటుంది. తిత్తి నొక్కడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి లేకుండా కొలిమి మంటే తన తిత్తిని తాను నొక్కుకునే ఏర్పాటు చేస్తే? విటిల్ ఆలోచన సరిగ్గా అదే. ముందు ఒక చక్రం గాలిని లోపలికి లాక్కుని గట్టిగా అదుముతుంది. అదిమిన గాలిలో నూనె మండుతుంది. కాగిన గాలి ఒక్కసారిగా ఉబ్బి వెనక్కి దూసుకుపోతుంది. పోతూ పోతూ దారిలో రెక్కలున్న మరో చక్రాన్ని తిప్పుతుంది. ఆ వెనక చక్రమూ, ముందు చక్రమూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి గనక ఇది తిరిగితే అదీ తిరుగుతుంది. గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. మిగిలిన వేడిగాలి వెనక నుంచి చిమ్మితే విమానం ముందుకు పోతుంది, దీపావళి తారాజువ్వ పోయినట్టు. వెనక చక్రం పేరు టర్బైను. ఇంజను పేరు టర్బోజెట్. తిరిగే భాగం, ఇరుసుతో సహా, ఒక్కటే.

చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి పన్నెండేళ్ళు పట్టింది.

విటిల్ తన కాగితాలు పట్టుకుని వైమానిక శాఖకు వెళ్ళాడు. అక్కడ ఎ.ఎ. గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త వాటిని చూశాడు. ఆయనకూ టర్బైన్ల మీద ఆసక్తి ఉంది, కాని ప్రొపెల్లరు తిప్పడానికి పనికొచ్చే టర్బైను మీద. కుర్రవాడి లెక్కల్లో ఒక తప్పు పట్టుకున్నాడు, ఇది సాధ్యం కాదన్నాడు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ గ్రిఫిత్‌ని విలన్ చేస్తారు. నాకు అంత తొందర లేదు. అంత వేడికి అన్ని వేల చుట్లు తిరుగుతూ విరగకుండా నిలబడే లోహం 1929లో లేని మాట నిజం. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని లోహాలు ఎప్పటికీ అలాగే ఉండిపోతాయా అని కుర్రవాడు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ ఆఫీసులో ఎవరూ జవాబు చెప్పలేదు.

అతని శిక్షకుల్లో పాట్ జాన్సన్ అని ఒకాయనకు పేటెంట్ల వ్యవహారం బాగా తెలుసు. ఆయన సాయంతో 1930 జనవరి 16న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మాకు దీనితో పని లేదు, రహస్యంగా ఉంచనక్కర్లేదని సర్కారు తేల్చి చెప్పింది. దానితో ఆ పేటెంటు అచ్చై, డబ్బిచ్చి కొనుక్కోదలచిన వారందరికీ దొరికింది, జర్మన్లతో సహా. కంపెనీల గుమ్మాలు తొక్కాడు. ఆలోచన బాగుంది, ఖర్చు జాస్తి అన్నారు అందరూ.

ఆ ఏడే డొరొతీ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1931లో ఒక కొడుకు, 1934 నవంబరులో ఇంకొకడు. అతని తెలివి చూసి వైమానిక దళమే చదువుకోమని కేంబ్రిడ్జికి పంపింది. ఇద్దరు పిల్లలతో, ఆఫీసరు జీతంతో విద్యార్థి సంసారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ సమయానికి, 1935 జనవరిలో, పేటెంటు కొనసాగించడానికి రుసుము కట్టాలని నోటీసు వచ్చింది. అయిదు పౌన్లు. ఆనాటి ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీ పనివాడి వారం కూలి కంటే ఎక్కువ. సర్కారు కట్టనంది. విటిల్ కట్టలేదు. పేటెంటు చచ్చిపోయింది.

"పిల్లల పాలడబ్బాలకే చాలి ఉండదు పాపం," అంది మా ఆవిడ. నా పాలసీ విషయంలో లేని జాలి విటిల్ మీద ఎక్కడి నుంచి వచ్చిందో!

అయితే ఒక మాట. కేవలం డబ్బు లేకనే కట్టలేదనుకుంటే సగమే నిజం. అయిదేళ్ళు తిరిగి తిరిగి, ఇది తన కాలానికి ముందు పుట్టిన ఆలోచన, ఇక ఎవరూ పట్టించుకోరు అని అతనికే అనిపించింది. నమ్మకం ఉన్నవాడు అయిదు పౌన్లు అప్పు చేసైనా కడతాడు. ఆరిపోయింది ఆ నమ్మకం. ఆర్పినవాళ్ళు చాలామంది.

నాలుగు నెలలు తిరక్కుండా ఒక ఉత్తరం వచ్చింది. క్రాన్‌వెల్‌లో చదువుకున్న పాత స్నేహితుడు డడ్లీ విలియమ్స్ రాసింది: ఆ ఇంజను సంగతి ఏమైంది, డబ్బు పెట్టేవాళ్ళను మేం చూస్తాం అని. అతనూ, టిన్లింగ్ అనే మరొక మిత్రుడూ కలిసి ఒక బ్యాంకింగు సంస్థను ఒప్పించారు. మొదట చేతిలో పడింది 2,000 పౌన్లు. 1936 మార్చిలో 'పవర్ జెట్స్' అనే కంపెనీ పుట్టింది. విటిల్ సర్కారు ఉద్యోగి గనక అనుమతి కావాలి. ఇచ్చారు, ఒక షరతు మీద: వారానికి ఆరు గంటలకు మించి ఈ పని చెయ్యకూడదు! ఆ ఆరుగంటల మనిషి ఆ ఏడే కేంబ్రిడ్జిలో మొదటి తరగతిలో పాసై చూపించాడు.

ఇంజను రగ్బీ పట్టణంలో ఒక టర్బైన్ల ఫ్యాక్టరీలో తయారైంది. 1937 ఏప్రిల్ 12న మొదటిసారి నడిపారు. విద్యుత్తు మోటారుతో తిప్పి, నూనె వదిలి, విటిల్ స్వయంగా మీట దగ్గర నిలబడ్డాడు. ఇంజను అందుకుంది. అందుకుని ఆగలేదు. వైమానిక దాడి సైరను మోగినట్టు కూత పెంచుకుంటూ, ఇనప గోడలు అక్కడక్కడా ఎర్రబడుతూ, వేగం పెంచుకుంటూ పోయింది. నూనె కవాటం కట్టేసినా ఆగలేదు. చూడవచ్చిన వాళ్ళందరూ పరుగులంకించుకున్నారు. విటిల్ ఒక్కడే కదలలేదు. ధైర్యం వల్ల కాదు, భయంతో కాళ్ళు రాలేదని తరవాత తానే చెప్పుకున్నాడు.

కారణం వింటే మన పెద్దవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. గ్యాసు రాకముందు మన వంటిళ్ళలో బుసబుసలాడిన పంపు స్టౌ జ్ఞాపకం ఉందా? బర్నరు సరిగ్గా వేడెక్కకుండా పంపు కొడితే కిరసనాయిలు ఆవిరి కాక, నూనెగానే పైకి వచ్చి గిన్నెలో నిలిచి, భగ్గున మంట లేచేది. మా అమ్మ ఒకసారి చీర కొంగు కాల్చుకుంది. విటిల్ ఇంజనులోనూ జరిగింది అదే. ముందుగా కారిన నూనె అడుగున మడుగు కట్టింది. పైన కవాటం కట్టేసినా ఆ మడుగు తాను మండుతూ పోయింది. అడుగున ఒక గొట్టం పెట్టి ఆ నూనె పోయే దారి చూశారు. ఒక పీడ వదిలింది.

కాని మంట పీడ వదలడానికి మరో మూడేళ్ళు పట్టింది. అంత ఇరుకు చోటులో, అంత ఉధృతంగా కొట్టే గాలిలో మంట ఆరకుండా, సమంగా మండాలి. అంతవరకు ఏ కొలిమిలోనూ ఏ బాయిలరులోనూ అంత తీవ్రమైన మంట ఎవరూ మండించలేదు. గాలివానలో అగ్గిపుల్ల ఆరకుండా పట్టుకోవడం లాంటిది. ఫ్యాక్టరీ వాళ్ళు భయపడి, ఈ ప్రమాదం మా మధ్య వద్దన్నారు. 1938లో లటర్‌వర్త్ దగ్గర మూతపడ్డ ఒక పాత పోత కార్ఖానాకు మకాం మార్చారు. డబ్బు లేక, విరిగిన భాగాలే బాగుచేసి మళ్ళీ మళ్ళీ వాడారు. ఒక మంట గది బదులు పది చిన్న గదులు పెట్టారు. నూనెను ఆవిరి చేసే గొట్టాలు రకరకాలుగా వంచి చూశారు. చివరికి 1940లో షెల్ కంపెనీకి చెందిన లబక్ అనే ఇంజనీరు, నూనెను ఆవిరి చెయ్యడం మాని సన్నటి తుంపరగా చిమ్మే బర్నరు ఇచ్చాడు. మంట నిలబడింది.

ఈలోగా ఏం జరిగిందో విటిల్‌కు తెలియదు. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ అనే యువకుడికి ఇలాంటి ఆలోచనే వచ్చింది. అతనికి దొరికిన యజమాని హైంకెల్, సొంతంగా విమానాల ఫ్యాక్టరీలున్నవాడు, వేగమంటే పిచ్చి ఉన్నవాడు. అయిదు పౌన్ల బాధ లేదు, ఆరు గంటల షరతు లేదు. 1939 ఆగస్టు 27న, యుద్ధం మొదలవడానికి అయిదు రోజుల ముందు, ఓహైన్ ఇంజనుతో ప్రపంచంలో మొదటి టర్బోజెట్ విమానం ఎగిరింది.

ఇంగ్లండులో ఆ ఏడు జూన్ ఆఖరున వైమానిక శాఖ శాస్త్ర విభాగం అధిపతి పై దొర లటర్‌వర్త్ వచ్చి, ఇంజను ఇరవై నిమిషాలు నడవడం కళ్ళారా చూశాడు. అప్పటిదాకా అనుమానించిన ఆయనే, తిరిగి వెళుతూ దీని లాభాలేమిటో విటిల్‌కే ఉపన్యాసం ఇచ్చాడట. సర్కారు మనసు ఒకసారి మారితే అంతే! అప్పుడు విమానానికి ఆర్డరిచ్చారు.

1941 మే 15న, సాయంత్రం ఏడు దాటాక, క్రాన్‌వెల్ మైదానంలోనే, గ్లోస్టర్ కంపెనీ కట్టిన చిన్న విమానం గెరీ సేయర్ చేతిలో పైకి లేచింది. పదిహేడు నిమిషాలు ఎగిరింది. ఇంజను తోపుడు 390 కిలోలు. చూస్తున్న ఒక ఆఫీసరు ఇది ఎలా ఎగురుతోందని పక్కవాణ్ణి అడిగితే, గదులు ఊడ్చే మిషను దుమ్మును పీల్చినట్టు గాలిని పీల్చుకుంటూ పోతోందని జవాబిచ్చాడని ఒక కథ చెప్పుకుంటారు. విమానం లేవగానే పక్కనే ఉన్న పాట్ జాన్సన్ వీపు తట్టి, "ఫ్రాంక్, ఎగురుతోంది!" అంటే, ఎగరడానికే గదా చేసిందని విటిల్ కసురుకున్నాడట. పన్నెండేళ్ళ అలసట ఉంది ఆ కసురులో.

తరవాతి కథ త్వరగా చెబుతాను. ఇంజన్ల తయారీ రోవర్ అనే కార్ల కంపెనీకి ఇచ్చారు. వాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు మార్పులు చెయ్యడం, విటిల్ మండిపడడం, రెండేళ్ళు ఇలాగే గడిచాయి. చివరికి రోల్స్ రాయిస్ పెద్ద హైవ్స్, రోవర్ పెద్ద విల్క్స్ క్లిదరో ఊళ్ళో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, నీ జెట్ పని నాకివ్వు, నా ట్యాంకు ఇంజన్ల ఫ్యాక్టరీ నువ్వు తీసుకో అని మార్చుకున్నారు. ఫైళ్ళు తేల్చలేని వ్యవహారం భోజనాల బల్ల దగ్గర తేలింది. 1944 జూలైలో గ్లోస్టర్ మీటియర్ జెట్లు ఇంగ్లండు వైమానిక దళంలో చేరి, జర్మన్ల ఎగిరే బాంబుల వెంటపడ్డాయి. మన దేశానికి మొదటి జెట్లు, వాంపైరులు, 1948లో వచ్చాయి. వాటి ఇంజను తయారుచేసింది వేరే వాళ్ళయినా, నడిచింది విటిల్ వేసిన దారినే.

జర్మన్లు అప్పటికే ఆన్సెల్మ్ ఫ్రాంజ్ రూపొందించిన జూమో 004 ఇంజన్లతో మెసర్‌ష్మిట్ జెట్లను రంగంలోకి దించారు. ఇంజను రూపం చూస్తే విటిల్ దానికంటే ముందుకాలపుదే అనిపిస్తుంది. కాని నికెలు లేదు, కోబాల్టు లేదు. మామూలు ఉక్కుకు అల్యూమినియం పూత పూసి సరిపెట్టుకోవలసి వచ్చింది. అంచేత ఒక్కో ఇంజను పదీ పాతిక గంటలు నడిస్తే గొప్ప. పైగా వాటిని చేసిన చోట్లలో కొండల కింది సొరంగాలూ ఉన్నాయి. అక్కడ పని చేసింది నిర్బంధ శిబిరాల ఖైదీలు. ఇంగ్లండులో నికెలు క్రోమియం కలిపి 'నిమానిక్' అనే కొత్త లోహం తయారుచేశారు. అది వేడికి తట్టుకుంది. గ్రిఫిత్ లేదన్న లోహం పదిహేనేళ్ళు తిరక్కుండా వచ్చిందన్నమాట.

ఇక విటిల్. మెలకువగా ఉండడానికి ఒక మందు, రాత్రి నిద్ర పట్టడానికి మరో మందు, మధ్యలో సిగరెట్లు. మనిషి చిక్కి శల్యమయ్యాడు; నరాల జబ్బుతో మాటిమాటికీ ఆస్పత్రి. రాజకీయాల్లో సోషలిస్టు గనక, జెట్ ఇంజన్ల పరిశ్రమ మొత్తాన్ని సర్కారు తీసుకోవాలని తానే సలహా ఇచ్చాడు. సర్కారు 1944లో ఒక్క కంపెనీని మాత్రం తీసుకుంది. అది పవర్ జెట్స్. పెద్ద కంపెనీలన్నీ చెక్కుచెదరలేదు. కొంతకాలానికి, సొంతంగా ఇంజన్లు తయారుచెయ్యడానికి వీల్లేదు, పరిశోధన చేసుకోండన్నారు. 1946 జనవరిలో విటిల్ రాజీనామా ఇచ్చేశాడు.

1948లో బిరుదు ఇచ్చారు, లక్ష పౌన్ల బహుమానం ఇచ్చారు.

"అయిదుకి లక్ష! అయితే నష్టమేమీ లేదుగా?" అన్నాడు మావాడు.

"నలభై ఏళ్ళకే ఆరోగ్యం పోయిందిరా," అంది మా ఆవిడ.

1976లో విటిల్ అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు. ఓహైన్ యుద్ధం తరవాత అక్కడికే చేరి ఉన్నాడు. ఒకప్పుడు ఒకరి ఇంజను మీదికి మరొకరి ఇంజను పంపిన వాళ్ళిద్దరూ ముసలితనంలో మంచి మిత్రులయ్యారు. 1991లో ఇంజనీర్లకిచ్చే పెద్ద బహుమతి డ్రేపర్ ప్రైజ్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. విటిల్ 1996 ఆగస్టులో పోయాడు. చితాభస్మాన్ని విమానంలో ఇంగ్లండు తీసుకువెళ్ళి క్రాన్‌వెల్ చర్చిలో ఉంచారు.

మా పాలసీ మాటేమిటని అడుగుతారేమో. మర్నాడు పొద్దున్నే వెళ్ళి వడ్డీతో సహా కట్టి బతికించుకు వచ్చాను. రశీదు మాత్రం ఈసారి మా ఆవిడ బీరువాలో ఉంది. తాళం చెవి కూడా తన దగ్గరే.